దాడి యను మాటనుగూర్చి

6 పుటలకు మించని యొక యింగ్లీషు పత్రమును విమర్శింప బూనుట కొందఱికి వింతగా దోపవచ్చును. అది కావ్యము గాదు, శాస్త్రగ్రంథమును గాదు. ఇంటర్నెట్టున వార్తలు నడచుటకు గావలసిన నియమములను వ్రాయు ఇంజనీర్ల సభవారు 2014 సం. మే నెలలో ప్రకటించిన 7258వ సంఖ్యగల పత్రము. స్టీఫెన్ ఫారెల్, హాన్నెస్ చోఫెనిగ్ అనువారు దీని కర్తలు. సర్వజనులపై నిఘా పెట్టుట దాడియే యని దీని శీర్షికయే చాటుచున్నది. మన యిండ్లలోని యుత్తరములు, బ్యాంకు లెక్కలు, వైద్యుని సలహాలు నేడు నడచుచున్న త్రోవకు సంబంధించినది గావున దీనిని గృహస్థులును విచారింపదగును.

2013 సం. జూన్ నెల మొదలుకొని ఎడ్వర్డ్ స్నోడెన్ వెలిబుచ్చిన కాగితములవలన, అమెరికా నిఘాశాఖవారు ఏ నేరమును మోపబడని జనుల సమాచారమును గూడ రాసులుగా ప్రోగుచేయుచుండిరని లోకమునకు దెల్లమయ్యెను. ఆ నవంబరులో నీ యింజనీర్లు కెనడాలోని వాంకూవరున గూడిరి. వీరి సభలో వోట్లు లెక్కింపరు. సమ్మతించువారు ఊకొట్టుదురు, ఆ ధ్వనిబలమునుబట్టి సభాభిప్రాయమును గ్రహింతురు. (కథ వినువారి యూకొట్టునకు నింత యధికారము దక్కిన చోటు వేఱొకటి మే మెఱుగము.) ఆ సభలో వెల్లడియైన సమ్మతికి ఫలమే యీ పత్రము.

దీని సారమంతయు దాడి యను నొక్క మాటలో నున్నది. లోకవ్యవహారమున దాడి యనగా ద్వేషముతో జేయు పని. కర్తలు మాత్రము దీనిని పారిభాషికముగ వాడుచున్నామని ముందే చెప్పి, చేయువాని యుద్దేశముతో దమకు బనిలేదనిరి. ప్రభుత్వము దేశరక్షణకొఱకే చదువనిండు, వ్యాపారి సరకు లమ్ముకొనుటకే చదువనిండు, దొంగ దోచుకొనుటకే చదువనిండు. త్రోవలో నిలిచి యితరుల వార్తను విప్పు క్రియ యొక్కటే గావున, మంచివానికి సందు విడిచి చెడ్డవానికి మాత్రము మూయుట శక్యముగాదు. ఇంత సూటియైన తర్కము శాసనసభలలో సైతము తఱచుగ వినబడదు.

మాకిది మిక్కిలి నచ్చుటకు వేఱొక కారణము గలదు. పుట్టినింటినుండి కోడలికి వచ్చిన జాబును ముందుగా మామగారో భర్తయో విప్పి చదువుట మన కుటుంబము లనేకములలో చిరకాలము సాగిన యాచారము. జాబు పోయి ఫోను వచ్చినది. దాని తాళపుసంఖ్య తనకు దెలిసియుండవలె నను భర్తలు నేటికిని గలరు. అడిగితిరా, ఆమె మేలుకొఱకే యందురు. చదివినవాని మంచితనమును లెక్కగొనక, విప్పబడిన జాబునే చూడుమను నీ యింజనీర్ల వాదము మన నట్టిండ్లలో వినబడవలసినది.

నిఘాను నిర్మూలింతుమని వీరు ప్రతిజ్ఞ చేయలేదు. ఉపశమింపజేయుదుమనిరి, అనగా నందఱినొక్కుమ్మడి చూచుట మిక్కిలి ఖర్చుతో గూడిన పనియగునట్లు చేయుదుమని. ఈ మితభాషిత్వము ప్రశంసనీయము. మునుపు ఇంటర్నెట్టున వార్తలలో బెక్కులు పోస్టుకార్డులవలె, దారిలో నెవరైన జదువదగినట్లు పోవుచుండెను. 2015 సం. డిసెంబరునుండి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను ధర్మసంస్థ కోరినవారికెల్ల వెల లేకయే ధ్రువపత్రము లిచ్చుటచే చిన్న పత్రికలు, పాఠశాలలు సైతము తమ పుటలను రహస్యలిపిలో బంపగలిగినవి. 2016 సం. ఏప్రిలులో వాట్సాప్ సందేశములన్నియు నట్లే ముద్రితములయ్యెను. ఇదంతయు నీ పత్రముచేతనే జరిగెనని చెప్పరాదు గాని కార్డు పోయి కవరు వచ్చినమాట నిజము.

అయితే కవరు చేరునది యెవరి యింటికి? ఇక్కడనే పత్రము కొఱవడుచున్నది. స్నోడెన్ కాగితములలో నెల్ల బ్రసిద్ధికెక్కిన ప్రిజం అను నేర్పాటున సమాచారము త్రోవలో దొంగిలింపబడలేదు; పెద్ద కంపెనీలయొద్దనుండియే తీసికొనబడెను. కవరెంత మందమైనను, పుచ్చుకొన్నవాడు విప్పి దాచినదానిని గాపాడజాలదు. పైగా నొక్కొక్కచో త్రోవను మూయుటయే యింటిని పెద్దదిగా జేసినది. మనము పలుకు పేరునకు సరియైన సంఖ్యను జెప్పు చిరునామా పుస్తకమువంటి యేర్పాటు ఇంటర్నెట్టున గలదు. ఆ ప్రశ్నలు బట్టబయలుగా బోవుట దోషమని 2018 సం. అక్టోబరులో 8484వ పత్రము వానికిని కవరు తొడిగెను. తరువాత 2020 సం. ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్‌వారు అమెరికాలోని తమ వాడుకరుల ప్రశ్నలను, వేఱు కోరనంతవఱకు, క్లౌడ్‌ఫ్లేర్ అను నొక్క కంపెనీకి బంపసాగిరి. ఎక్కువకాలము దాచరాదని కట్టుబాటు గలదు, మార్చుకొను వీలును గలదు. కాని పదిచోట్ల జెదరియున్న సమాచారము ఒక్కచోటికి జేరినమాట చేరినదే.

2021 సం. అక్టోబరు 4వ తేదీన ఫేస్‌బుక్ కంపెనీవారి లోపలి పనిలో జరిగిన పొరపాటువలన వాట్సాప్ సుమారు 6 గంటలు లోకమంతట మూగవోయెను. రహస్యలిపి చెక్కుచెదరలేదు. అంగడి మూతపడినది, అంతియ. ఈమెయిలు అట్లు గాదు. ఒక కంపెనీయొద్ద బెట్టెగలవాడు వేఱొక కంపెనీయొద్ద నున్నవానికి వ్రాయగలడు, ఒకటి పడిపోయినను దక్కినవి నడచును.

ఈ లోపమును ఇంజనీర్లు ఎఱుగకపోలేదు. 2023 సం. డిసెంబరులో మార్క్ నాటింగ్‌హామ్ వ్రాసిన 9518వ పత్రము, అధికార మొక్కచోట గుమిగూడుటను నియమములు మాత్రమే యాపజాలవని వివరించుచున్నది. మేము దానిని ముందటిదానికంటె లోతైనదిగా దలచుచున్నాము. కాని 7258వ దానికి సభ యూకొట్టినది. ఇది యాతని స్వతంత్ర రచనగా వెలువడినది, దీనిపై సభాసమ్మతి ముద్ర లేదు.