రెండవ గీత

సదుములో చెనక్కాయల బేరము ముగించుకొని, నగల మూటను కొంగున దాచుకొని బ్యాంకు మెట్లెక్కు కాపులను ముప్పదియేండ్లు చూచినవాడను గనుక, లెక్క వ్రాయుట యనగా రేపు పుట్టబోవు అనుమానమునకు నేడే సమాధానము వ్రాసి యుంచుట యని నాకొక నమ్మకము కలదు. ఇనుప బీరువాకు రెండు తాళములు, అవి రెండు చేతులలో ఉండును. కుదువ నగలను తూచి, సంచిలో పెట్టి, లక్క ముద్ర వేసి, ఇరువురు సంతకములు చేయుదురు. ఈ కట్టుబాటంతయు దొంగ కొరకని క్రొత్తవారు తలంతురు. దొంగ ఎప్పుడో గాని రాడు. ప్రక్క కుర్చీలోని యీర్ష్య మాత్రము ప్రతిదినము పది గంటలకు హాజరగును.

శూద్రకుడు ఈ మర్మమెరిగినవాడు. మృచ్ఛకటికమున వసంతసేన తన నగలను చారుదత్తుని యింట ఇల్లడగా నుంచుట, అవి దొంగ పాలగుట, ఆ మాట దక్కించుటకై యతని యిల్లాలు ధూత తన హారము నొసగుట, నగలపై అప్పులిచ్చువారికి ఇంటి ముచ్చటలవలె తోచును. వసంతసేన తనను కాదని చారుదత్తుని వలచినదన్న కసితో, రాజు బావమఱది శకారుడు ఆమె గొంతు నులిమి, చచ్చినదనుకొని విడిచి, ఆ నేరమును చారుదత్తునిపై మోపుటకు న్యాయసభ కెక్కును. తొమ్మిదవ అంకమున, ఫిర్యాదు చెప్పుచు చెప్పుచు, ఎవరును అడుగకయే తాను చంపలేదని నోరు జారును. లేఖకుడగు కాయస్థుడు దానిని వ్రాసికొనును. శకారుడు తటాలున కాలితో ఆ వ్రాతను చెరిపివేయును. ఆ నాటకమున నాకు మిక్కిలి ఇష్టుడు, ఎవరును జ్ఞాపకముంచుకొనని ఆ కాయస్థుడే.

ఫ్రెంచి రచయిత డ్యూమా 1844లో వెలువరింప నారంభించిన మోంటి క్రిస్టో నవలలో, ఓడ లెక్కలు చూచు డాంగ్లారు తోటివాని పెంపు నోర్వలేక ఎడమచేత నొక చాడీ వ్రాయగా, ఆ తోటివాడు పెండ్లాడబోవు పడుచుపై ఆశ పెంచుకొన్న ఫెర్నాండు దానిని టపాలో వేయును. ఆ డాంగ్లారే పిమ్మట ప్యారిసులో పెద్ద బ్యాంకరగుట డ్యూమా కొంటెతనము. మనవైపు ఇట్టి లేఖలన్నిటికిని కర్త ఆకాశరామన్న.

1980 ప్రాంతమున నేను పనిచేసిన యొక శాఖకు (బ్యాంకు పేరు చెప్పను) ఆయన కృప ప్రసరించెను. మా మేనేజరు బ్రహ్మచారి. జీతపు చెక్కుతో ఒక పంతులమ్మ వచ్చు దినమున మా పెద్దగుమాస్తా ఇస్త్రీ చొక్కా తొడుగుకొని వచ్చుటయు, ఆమె చూపులు మేనేజరు గది వైపే పోవుటయు మేమందరము గమనించినవే. ఆ వేసవిలో పై ఆఫీసుకు జాబు చేరెను: సంచులలోని బంగారము పోయి గిల్టు వచ్చినదట. ఇద్దరు అధికారులు దిగి, మూడు దినములు ప్రతి సంచియు విప్పి తూచిరి. గురివింద గింజ యెత్తు తేడా లేదు.

పోవుచు వారు ఆ జాబును మాకు చూపిరి. అక్షరములు ఎడమచేతివి, తలకొక దిక్కుగా నుండెను. కాని పోయినదన్న మొత్తము క్రింద రెండు సమాంతర రేఖలు, రూళ్లకఱ్ఱ పెట్టి గీచినట్లుండెను! ఖాతా ముగించు అలవాటు గలవాడు తప్ప మరియొకడు అట్లు గీయడు. నేను గుమాస్తాను చూచితిని; మేనేజరు మా యిద్దరిని చూచెను. ఎవరును పలుకలేదు. నా మౌనము ధర్మమో పిరికితనమో నేటికిని తేల్చుకొనలేదు. (పేరులేని జాబులపై చర్య వలదని కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఆదేశించినది 1999లో, మాకు పందొమ్మిదేండ్లు ఆలస్యము.)

మాఘమాసమున పుంగనూరులో పంతులమ్మతో మేనేజరు పెండ్లి. చదివింపుల పుస్తకము ముందు కూర్చుండువా రెవరను మాట రాగా, పెండ్లికొడుకే బాసికముతో లేచి వచ్చి, "మీరే రాయాలన్నా, మీ దస్తూరీ ముందర మాదెంత?" అని గుమాస్తా చేతికి కలమిచ్చెను. అతడు తలయెత్తక పొద్దు వాలువరకు వ్రాసెను. రొక్కము పైసాతో సరిపోయెను. మొత్తము వేసి, క్రింద ఒక గీత గీచి, రెండవదానికి కలమెత్తి, కొంతసేపు అట్లే యుండి, మూత బిగించెను.