వాక్యపరిష్కరణము – మహావాక్యము: బహుకర్తృక రచనపై ఒక విమర్శ

ఒక గ్రంథమునకు ఒకే కర్త యుండవలెనను నియమము మన సాహిత్యమున ఎన్నడును లేదు. భారతమును ముగ్గురు తెనిగించిరి. భాస్కర రామాయణమున పలువురు కవుల చేయి యున్నది. తిరుపతి వేంకట కవులు ఇరువురయ్యు ఒక్క పేరుతో వ్రాసిరి. 1920లో తిరుపతిశాస్త్రి దివంగతుడైన పిదప సైతము చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఆ జంట పేరును విడువలేదు. అయినను వీరు పని పంచుకొన్న తీరు వేఱు, నేడు అంతర్జాలమున ఉమ్మడి రచన సాగుచున్న తీరు వేఱు. పూర్వులు పర్వములను, కాండములను, పద్యములను పంచుకొనిరి. నేటివారు వాక్యములను పంచుకొనుచున్నారు. ఒకరు వ్రాసిన వాక్యమును వేఱొకరు దిద్దుదురు. రెండు వాక్యముల నడుమ మఱియొకరు మూడవ వాక్యమును చేర్తురు. ఇంకొకరు వచ్చి మొదటిదానిని తొలగింతురు. ఈ భేదము స్వల్పమని తోచవచ్చును. కాని ఇది రచనాస్వరూపమునే మార్చునంతటిదని మా అభిప్రాయము. తెలుగు వికీపీడియాను ఉదాహరణముగా గైకొని ఈ విషయమును పరిశీలింతుము.

చూచువారెవరైనను దిద్దదగిన పుటలను అంతర్జాలమున నెలకొల్పినవారిలో ప్రథముడు అమెరికా దేశస్థుడైన వార్డ్ కన్నింగ్‌హామ్. ఆయన 1995 మార్చిలో ఆరంభించిన ఆ పుటలకు, హవాయి భాషలో 'త్వరగా' అను అర్థము గల 'వికీ' శబ్దమును పేరుగా పెట్టెను. 2001 జనవరిలో ఆ పద్ధతిని అనుసరించి ఇంగ్లీషు వికీపీడియా వెలసెను. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైనది. అందలి వ్యాసములకు మూడు అంగములు ముఖ్యములు. 'మార్చు' అనుచోట నొక్కినచో పాఠము దిద్దుటకు వీలుగా తెఱచుకొనును. 'చరిత్ర' అను పుటలో ఎవరు, ఏ దినమున, ఏ వేళకు, ఏమి మార్చిరో వరుసగా నిలిచియుండును. 'చర్చ' పుటలో ఆ మార్పులను గుఱించిన వాదప్రతివాదములు జరుగును. అందఱకును సంబంధించిన విషయములను ముచ్చటించుకొను తావునకు 'రచ్చబండ' యనియు, ఇంకను పెరుగవలసిన చిన్న వ్యాసమునకు 'మొలక' యనియు పేర్లు పెట్టుకొనిరి. పరదేశమున పుట్టిన పద్ధతిని మనవారు మన నుడికారములోనికి తెచ్చుకొన్న తీరు ప్రశంసింపదగినది.

ఇక శాస్త్రవిచారము. పదములకు ఆకాంక్ష, యోగ్యత, ఆసత్తి యున్నపుడే వాక్యమగునని మన పెద్దలు చెప్పిరి. ఒక పదము వినగనే దానిని పూరించు వేఱొక పదము కొఱకు కలుగు అపేక్ష ఆకాంక్ష. అర్థము పొసగుట యోగ్యత. ఎడము లేక చేరియుండుట ఆసత్తి. సాహిత్యదర్పణకర్త యైన విశ్వనాథుడు ఇంకొక మెట్టెక్కి, ఈ గుణములు గల వాక్యముల సముదాయమునకు మహావాక్యమని పేరిడెను. రామాయణాదులను దానికి ఉదాహరణములుగా చూపెను. పదములకు పదములతో నెట్టి అపేక్ష కలదో, వాక్యములకు వాక్యములతో నట్టి అపేక్షయే కలదని దీని తాత్పర్యము. వాక్యమువెంట వాక్యమును దిద్దుచు పోవువారు వాక్యమును రక్షింపగలరు. మహావాక్యమును రక్షించువారెవరు? ఈ వ్యాసమునకు మూలమైన ప్రశ్న యిదియే.

ఒక ఉదాహరణమును కల్పించి చూతము. 'రాజరాజనరేంద్రుడు రాజమహేంద్రవరము నుండి వేంగీరాజ్యమును పాలించెను. అతడు భారతమును తెనిగింపుమని నన్నయను కోరెను' అని ఒకరు వ్రాసిరనుకొందము. ఈ రెండు వాక్యములందును దోషము లేదు. మఱియొకరు వచ్చి వీని నడుమ, 'అతని భార్య అమ్మంగదేవి రాజేంద్రచోళుని కుమార్తె' అని చేర్చిరి. ఇదియును సత్యమే, భాషయు నిర్దుష్టమే. కాని ఇపుడు మూడు వాక్యములను వరుసగా చదివినవానికి భారతమును తెనిగింపుమన్నవాడు రాజేంద్రచోళుడో, రాజరాజో తెలియదు. 'అతడు' అను సర్వనామమునకును దాని నామమునకును గల ఆసత్తి చెడినది. ఏ వాక్యమును చెడలేదు. రెండు వాక్యముల నడుమ సంబంధము చెడినది. దోషము ఎవరి వాక్యములోను లేదు గనుక దోషి యెవడును లేడు.

తెలుగునకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి కలదు. మన క్రియాపదము కర్తయెడ వక్త చూపు గౌరవమును తెలుపును. ఒకే కవిని గూర్చి ఒకరు 'జన్మించాడు' అని వ్రాయగా, తరువాతి వాక్యమును చేర్చినవారు 'బిరుదు పొందారు' అని ముగించినచో పాఠకునకు ఇద్దఱు వ్యక్తులు మాటాడుచున్నట్లు వినబడును. ఈ కలగాపులగమును గమనించియే తెలుగు వికీపీడియావారు వ్యక్తులను గూర్చి ఏకవచనమునే వాడవలెనని శైలీనియమము చేసికొనిరి. ఏకకర్తృక రచనలో గ్రంథకర్త అభిరుచి చేయు పనిని బహుకర్తృక రచనలో నియమము చేయవలసివచ్చినది. నియమము వచనమును సరిచేయగలదు, కంఠమును ఈయజాలదు.

ఇంతకంటె గంభీరమైన దోషము వేఱొకటి కలదు. వికీపీడియాలో వ్రాయు ప్రతి విషయమునకును ప్రకటితమైన ఆధారమును చూపవలెను. సొంత పరిశోధనమునకు తావు లేదు. రెండు గ్రంథములలోని రెండు విషయములను కలిపి, ఏ గ్రంథమునను లేని మూడవ సిద్ధాంతమును తీయుటయు నిషిద్ధమే. అపరిచితులు పదుగురు కూడి వ్రాయుచోట ఈ నియమము లేక గతి లేదని మేమును అంగీకరింతుము. కాని దాని ఫలమును చూడుడు. ప్రతి వాక్యమును తన సూచికాసంఖ్యను తాను మోయుచు ఒంటిగా నిలుచును. 'కావున', 'అయినను', 'దీనిచేత' అని మొదలగు వాక్యములకు ఆధారము చూపుట కష్టము. ఏలయన అవి గ్రంథములలో దొరకునవి కావు, చదివినవాని బుద్ధిలో పుట్టునవి. అందుచేత దిద్దుబాటు చేయువారి చేతికి ముందుగా చిక్కునవి అవియే. అవి పోగా మిగిలినవి సత్యవాక్యములే. వాని నడుమ ఆకాంక్ష మాత్రము లేదు. మన విద్యార్థుల వ్యాసములందు నేడు తఱచుగా కనబడు దోషమును దీనికి సన్నిహితమే: సమాచారమునకు కొఱత లేదు, వాదము లేదు.

పదిమంది కన్నులు పడిన రచనలో తప్పులు నిలువవు గదా యని పూర్వపక్షము చేయువారు కలరు. తేదీల తప్పులకు, పేర్ల తప్పులకు, అక్షరదోషములకు ఈ మాట చెల్లును. కాని ఆ కన్నులు దేనిపై పడుచున్నవో ఆలోచింపవలెను. ఒకరు చేసిన మార్పును మఱియొకరు పరీక్షించునపుడు, పాత పాఠమును క్రొత్త పాఠమును ప్రక్కప్రక్కన నిలిపి, మాఱిన భాగమును రంగుతో గుర్తించి కంప్యూటరు చూపును. పరీక్షకుడు సామాన్యముగా ఆ రంగు పూసిన భాగమునే చదువును. పై ఉదాహరణములో అతనికి ప్రధానముగా కనబడునది అమ్మంగదేవిని గూర్చిన వాక్యమే. అది సరియైనది గనుక ఒప్పుకొనును. అనగా వ్రాయువాడు వాక్యమును వ్రాసెను, పరీక్షించువాడు వాక్యమును పరీక్షించెను. వ్యాసమును చదివినవాడు లేడు.

అట్లని ఈ పద్ధతి సర్వత్ర నింద్యమనరాదు. తెలుగు వికీసోర్సులో ప్రాచీనముద్రిత గ్రంథముల ఛాయాచిత్రములను ఎదుట నుంచుకొని, పుటవెంట పుట అక్షరరూపమునకు తెచ్చుచున్నారు. ఒకరు దిద్దిన పుటకు పసుపు గుర్తు, రెండవవారు సరిచూచి ఆమోదించిన పుటకు ఆకుపచ్చ గుర్తు ఉండును. తాను దిద్దినదానిని తానే ఆమోదించుటకు వీలులేదు. ఇచట ఎందఱు చేతులు కలిపినను మహావాక్యమునకు భంగము లేదు, ఏలయన అది గ్రంథకర్త చేత మునుపే నిర్మితమైయున్నది. సి.పి. బ్రౌను పండితులను కూర్చుకొని వ్రాతప్రతులను సరిపోల్చి, 1829లో వేమన పద్యములను ప్రకటించిన పనియు ఈ జాతిదే. అందులో ప్రతి పద్యమును ముక్తకము. ఒకదానిని దిద్దినచో వేఱొకటి కదలదు. కనుక బహుకర్తృకమైన వాక్యపరిష్కరణము గ్రంథపరిష్కరణమునకు తగినది, ముక్తకములకు తగినది. పూర్వాపరసంబంధము గల క్రొత్త రచనకు మాత్రము అది ఒక్కటియే చాలదు.

మఱి ఏమి కావలెను? మన అష్టావధానమునందలి నిషిద్ధాక్షరి దీనికి సమాధానము చెప్పుచున్నది. అందు పృచ్ఛకుడు అడుగడుగున అక్షరమును నిషేధించుచుండును. అవధాని దానిని తప్పించి వేఱొక అక్షరము వేయును. వాక్యము కంటెను సూక్ష్మమైన స్థాయిలో ఇరువురు కూడి చేయు రచన యిది. అయినను పద్యము చెదరదు. ఏలయన ఛందస్సును, అర్థమును, రాబోవు పాదమును ధారణలో నిలుపుకొన్నవాడు ఒకడు కలడు. వికీ పుటలోని 'చరిత్ర' ప్రతి అక్షరమును నిలువచేయును. కాని నిలువచేయుట ధారణ కాదు. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును రమారమి మూడు శతాబ్దముల పిదప ఎఱ్ఱన పూరించినపుడు, దానిని రాజరాజునకే అంకితము చేసెను; నన్నయ శైలితో తొడగి క్రమముగా తిక్కన శైలికి చేర్చెను. ముందున్నదానిని, వెనుక రానున్నదానిని పూర్తిగా చదివినవాడే నడిమి వాక్యమును వ్రాయుటకు అర్హుడని దీనివలన తెలియుచున్నది.

పరిశోధకులకు 'చరిత్ర' పుట అపూర్వమైన నిధి యని కూడ చెప్పవలెను. తాళపత్రములలో పాఠభేదము దొరకునే కాని, ఆ భేదమును కల్పించినవాడెవడో, ఎన్నడో, ఏలనో సామాన్యముగా దొరకదు. ఇచట అవి యన్నియు దొరకును. త్రోసివేయబడిన పాఠములు సైతము మిక్కిలిగా నిలిచియున్నవి. సమకాలిక తెలుగు వాక్యము ఏ దిశకు మాఱుచున్నదో, ఏ పదమును ఎవరు ఎందుకు కాదనుచున్నారో తెలిసికొనగోరు పరిశోధకునకు ఇంతకంటె మంచి సామగ్రి లేదు. అట్టివారు వ్యాసము పేరును మాత్రము పేర్కొని ఊరకుండక, తాము చదివిన కూర్పు యొక్క తేదీని, దాని శాశ్వత లంకెను తప్పక ఈయవలెను. నేడు చదివిన పాఠము రేపటికి ఉండకపోవచ్చును.

మన శాఖలలోని అధ్యాపకులకు మా మనవి యొకటి. విద్యార్థులచే వికీ వ్యాసములను వ్రాయించు ఆచారము మంచిదే. అయితే ఎన్ని వాక్యములు చేర్చిరని లెక్కించి మార్కులు వేయుటకు మాఱుగా, ఒక వ్యాసమును మొదటినుండి తుదివఱకు చదివి, చెడిన సర్వనామములను, తెగిన సంబంధములను, మాఱిన క్రియావచనములను కూర్చుమని వారిని నియోగించుట మేలు. అందు క్రొత్త సమాచారమేమియు చేరదు. 'చరిత్ర' పుటలో అది చిన్న మార్పుగనే కనబడును. అయినను ఆ దినమున ఆ వ్యాసమునకు ఒక చదువరి దొరకెనని చెప్పవచ్చును. బహుకర్తృక రచనకు నేడు కొఱతపడినది కర్తలు కారు, అట్టి చదువరులే.