ఇద్దరి మధ్య తెలుపు

నగరంలో మనిషి ఒంటరితనం గీయాలంటే నలుపూ తెలుపూ చాలు, రంగులు తీసేస్తే దిగులు దానంతటదే వస్తుందని చాలామంది నమ్మకం. సవర గిరిజనుల గోడలు చూస్తే ఈ మాట నిలవదు. సీతంపేట, భద్రగిరి కొండల నుంచి ఒడిశా దాకా ఉన్న ఈ జనం భాషకే గిడుగు రామమూర్తి 1938లో నిఘంటువు తెచ్చారు. ఎర్రమన్ను పూసిన గోడ మీద, చివర నలగ్గొట్టిన పుల్లను బియ్యప్పిండిలో ముంచి వేసే బొమ్మ వాళ్లది. ఒడిశా వైపు దాన్ని ఇడితాల్ అంటారు. ఆ బొమ్మలోనూ ఉన్నవి రెండే రంగులు. మనుషులకు కళ్లూ ముక్కూ ఉండవు. రెండు త్రికోణాలు కలిస్తే ఒళ్లు, నాలుగు గీతలు కాళ్లూ చేతులూ. అయినా ఒంటరివాడు కనబడడు. చదరపు హద్దు లోపల చేయీ చేయీ పట్టుకున్న వరుసలు, చెట్లు, గుర్రాలు, సూర్యచంద్రులు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1950ల్లో ఈ బొమ్మల గురించి రాసేనాటికే విమానమూ సైకిలూ వచ్చి ఆ గుంపులో చేరిపోయాయి.

పోనీ, మనుషుల్ని కిక్కిరిసినట్టు గీస్తే ఒంటరితనం పోతుందా? పోదు. బెల్జియం కళాకారుడు ఫ్రాన్స్ మాసెరీల్ 1925లో ‘నగరం’ పేరుతో వేసిన వంద ఉడ్‌కట్లలోనూ జనం కిటకిటలాడుతుంటారు. అక్కడ భుజాలు రాసుకుంటాయి, చూపులు మాత్రం కలవవు. తేడా మనిషికీ మనిషికీ మధ్య మిగిలే ఆ సందులో ఉంది. అరకు ధింసా నృత్యాన్ని సిరాతో గీయబోతే ఇది చేతికే తెలుస్తుంది. ఒకరి వీపు వెనక నుంచి ఇంకొకరి చేయి వెళ్లి మూడో మనిషి నడుము దగ్గర తేలుతుంది. ఏ చేయి ఎవరిదో విడదీయలేక గీత సాగిపోతూనే ఉంటుంది, మధ్యలో కాగితం తెలుపు మిగలదు.

ఇడితాల్ పితృదేవతల కోసం, రోగం తగ్గడం కోసం, పంట కోసం వేసేది. సొంత గోడు వెళ్లబోసుకునే బొమ్మతో దాన్ని పోల్చడం తగదనవచ్చు. నిజమే, ప్రయోజనాలు వేరు. కానీ నా వాదనకు బలం అక్కడే ఉంది: చనిపోయినవాళ్లతో కూడా బంధం తెగకూడదని వేసిన బొమ్మలో సందులు ఎలా మిగులుతాయి? కొండ మీద ఒంటరితనమే లేదంటున్నావా అని అడిగితే, అనను. పని కోసం విశాఖ దిగిన కుర్రాడికీ, వెనక ఊళ్లో మిగిలిన తల్లికీ అది బాగా తెలుసు. ఆ కుర్రాణ్ణి గీసేవాళ్లు ఖాళీ వీధిలో నల్లటి నీడగా నిలబెట్టి ఊరుకోవడమే నాకు నచ్చదు. ధింసా వరుసనే గీసి, అందులో ఒక్క నడుము చుట్టూ చేయి లేకుండా వదిలితే, అతను ఏం పోగొట్టుకున్నాడో ఆ కాస్త తెలుపులో కనిపిస్తుంది.