రోజెన్‌హాన్ నకిలీ రోగులు: ఒక పునర్విమర్శ

1973 జనవరిలో 'సైన్స్' పత్రికలో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ రోజెన్‌హాన్ ప్రకటించిన వ్యాసము మానసిక వైద్యరంగమును కుదిపివేసినది. ఏ జబ్బూ లేని ఎనిమిదిమంది, 'ఖాళీ', 'డొల్ల' వంటి మాటలు చెవిలో వినిపించుచున్నవని చెప్పి, అయిదు రాష్ట్రములలో 12 ఆసుపత్రులలో చేరినారు. చేరిన పిమ్మట మామూలుగానే మెలగినారు. అయినను సగటున 19 దినములు, ఒకరైతే 52 దినములు, లోపల ఉండవలసి వచ్చినది. ఒక్క సందర్భములో తప్ప అన్నిటా స్కిజోఫ్రేనియా అనియే వ్రాసినారు. సిబ్బంది పసిగట్టలేదు గాని, మొదటి మూడు ప్రవేశములలో 118 మంది తోటి రోగులలో 35 మంది అనుమానించినారు!

ఈ వ్యాసములో నేటికిని నిలిచే భాగము వార్డు జీవితమును వర్ణించిన పుటలు. నకిలీ రోగి నోటుపుస్తకములో ఏదో వ్రాసుకొనుచుండగా నర్సు దానిని కూడ జబ్బు లక్షణముగా నమోదు చేసినది. వైద్యులు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు అందరూ కలిసి రోగితో గడిపిన కాలము దినమునకు సగటున 6.8 నిమిషములు. మతి చెదరి, ప్రాణభయముతో చేరిన వానికి ముందుగా కావలసినది పలుకరించే మనిషి గదా!

రోగనిర్ణయమును గురించిన వాదము మాత్రము అంత గట్టిది కాదు. నెత్తురు త్రాగి వచ్చి డాక్టరు ముందు కక్కినవానికి కడుపులో పుండున్నదని ఆయన తలచినచో తప్పెవరిదని సీమూర్ కెటీ అడిగినాడు. విడుదల పత్రములలో 'ఉపశమించినది' అని వ్రాసినారు గదా, ఆ మాట నిజమైన రోగులకు బహు అరుదుగా వ్రాసెదరని 1975లో రాబర్ట్ స్పిట్జర్ చూపినాడు. అనగా వైద్యులు మార్పును గమనించినారన్న మాట.

2019లో సుసానా కహలన్ అనే పత్రికారచయిత్రి పుస్తకము వెలువడినది. రోజెన్‌హాన్ స్వయముగా రోగి వేషమున చేరినపుడు ఆత్మహత్య తలంపులు కూడ చెప్పినట్లు ఆసుపత్రి రికార్డులో ఉన్నదని ఆమె బయటపెట్టినది. వ్యాసములో ఆ ప్రస్తావన లేదు. ఇది చిన్న లోపము కాదు. ఆత్మహత్య మాట విన్న వైద్యుడు మనిషిని ఇంటికి పంపునా?

నన్ను ఎక్కువగా బాధించినది తొమ్మిదవ వాని సంగతి. స్వవిషయములు తప్పుగా చెప్పినాడని అతని లెక్కలను రోజెన్‌హాన్ తొలగించినాడు. తాను చేరిన వార్డు ప్రశాంతముగా ఉండెననియు, సిబ్బంది ఆదరించిరనియు అతడు కహలన్‌తో చెప్పినాడు. అక్కడ నర్సులు ఏమి చేసినారు, రోగులతో ఎట్లు మాట్లాడినారు అన్నది తెలిసియున్నచో తక్కిన ఆసుపత్రులకు ఎంతో ఉపయోగపడెడిది. వ్యాసములో అతనికి దక్కినది చిన్న అక్షరముల గమనిక ఒక్కటే.