పరలోకాశయు రోగిశయ్యయు

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములందలి క్రైస్తవ గృహములలో నెవరేని వ్యాధిచే మంచము పట్టినప్పుడు తోడి విశ్వాసులు చేరి కీర్తనలు పాడి ప్రార్థించుట పరిపాటి. ఆ కీర్తనలలో ననేకములు పరలోకమును గూర్చినవి. వానిని విని రోగి యొకింత యూరడిల్లును. ఈ యూరటను కొందఱు విద్యావంతులు మత్తుమందని పరిహసింతురు. కొందఱు బోధకులు సర్వౌషధమని చాటుదురు. ఈ రెండును మూలమును సరిగా చదువమి వలన గలిగిన మాటలని నా యభిప్రాయము.

మొదట శబ్దమును విచారింతము. హిందీ బైబిలున 'స్వర్గ' శబ్దము వాడబడినది. తెలుగు బైబిలు 'పరలోకము' అనెను. మన పొరుగు కన్నడమునను అంతియే. ఈ భేదము స్వల్పము కాదు. మన పురాణముల స్వర్గము పుణ్యఫలము. పుణ్యము క్షయింపగనే జీవుడు మరల భూమికి దిగవలయును. క్రైస్తవుల పరలోకము కృపాలబ్ధము, పునరాగమనము లేనిది. ప్రకటన గ్రంథము 21వ అధ్యాయమును చూడుడు. బంగారు పురమును వర్ణించుటకు ముందే కన్నీరును, మరణమును, వేదనయు నుండవని యందు చెప్పబడినది. వైభవము తరువాతిది, బాధానివృత్తి మొదటిది. ఆ క్రమమే యా గ్రంథ హృదయము.

ఈ యాశను తెలుగు రాగతాళములలో నిలిపిన ఘనత పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులది. 1833లో బాప్తిస్మము పొందిన యీ బ్రాహ్మణ కవి కీర్తనలు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను సంపుటమున నేటికిని పాడబడుచున్నవి. కాని తరువాతివారి పాటలు పెక్కింటిలో నొక లోపము గలదు. పరలోకమునకు వీథులు, ద్వారములు, కాంతులు గలవు. ఇహలోకమునకు మాత్రము ఊరును పేరును లేవు. వాన లేని యనంతపురపు చేను గాని, గుంతమగ్గమున కూర్చుండి దగ్గు నేతకాని రొమ్ము గాని యందు కానరావు. బాధకు రూపము లేనిచో నూరటకు బలమెక్కడిది? జాషువా 'గబ్బిలము' (1941) చదివినవారి కీ భేదము తేటపడును. క్రైస్తవ కుటుంబమున బుట్టిన యా కవి, ఆకలిగొన్న పేదవానిచే దేవునికి పంపించినది పరలోక ప్రవేశమునకు విన్నపము కాదు, ఇహలోకపు టన్యాయముపై ఫిర్యాదు.

సువార్తలును ఇట్టివే. లూకా 16వ అధ్యాయమున లాజరు కథ గలదు. కురుపులతో ధనవంతుని వాకిట పడియున్న యాతడు మరణానంతరము సుఖపడెను. దీనిని రోగులకు ఓర్పు నేర్పు కథగా బోధించువారు గలరు. కాని యందు లాజరుచే నొక్క మాటయు పలికింపబడలేదు. హెచ్చరిక యంతయు ధనవంతునికే. అనగా పరలోకము వాకిట నున్న రోగిని ఊరకుండుమనుటకు గాదు, లోపల నున్నవానిని మేల్కొలుపుటకు చెప్పబడినది.

ఇందు విమర్శకుల వినోదమునకు మించిన ప్రయోజనము గలదు. క్షయకు సామాన్యముగా ఆఱు నెలల మందు చాలును. విశ్వాసమే చాలునని నడుమ మాన్పించినచో వ్యాధి తిరుగబెట్టి మందులకు లొంగకపోవచ్చును, ప్రాణమునకే ముప్పు. 'పూర్వకర్మ'యని చికిత్స మాన్పించు మన హిందువుల మాటయు నంతే దోషము. మతమేదైనను, రోగిని వైద్యునికి దూరము చేయు నోదార్పు ఓదార్పు కాదు.

1952లో యేసుసభ సభ్యుడుగా భారతదేశమునకు వచ్చి, 1969లో అనంతపురము చేరి, పిమ్మట నా సభను వీడిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన సంస్థ మతసంస్థ కాదు. ధర్మవరమునకు చేరువ బత్తలపల్లిలో అది 2000 సంవత్సరమున ఆసుపత్రిని నెలకొల్పెను. కన్నీరు తుడువబడునను నమ్మికకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానము నేనెఱుగను.

కీర్తన పాడుడు, రోగి చేయి పట్టుకొనుడు, మందు వేళ తప్పనీయకుడు. మరణము తప్పనినాడు పరలోకాశ యాతని తోడు నిలుచుగాక. తప్పింపదగిన మరణమునకు మాత్రము దానిని సాకు చేయకుడు.