మా కథ ఏ అరలో?

ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. 1960 నాటి చట్టం పెట్టిన పద్ధతి ఇది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. రసీదు బుక్కు మా గడపకే వచ్చింది. కథల పుస్తకం కావాలంటే మాత్రం మా పిల్లలు ఇంకా స్టేషన్ ఘన్‌పూర్‌కు ఆటో ఎక్కాల్సిందే.

పుస్తకాలు కొనడం లేదని కాదు. రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ 1972 నుంచి రాష్ట్రాలకు సాయం చేస్తూనే ఉంది. మా పేచీ శిక్షణతోటి. గ్రంథపాలకులకు నేర్పే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827. మా కోయ అవ్వ చెప్పిన కథ, లంబాడీ తాత చెప్పిన కథ మాత్రం జానపదమని 398లోకి, ఆచారాల పక్కకు పోతాయి. అవి సాహిత్యం కావని ఎవరూ అననక్కర్లేదు, నంబరే అంటుంది. (పిల్లల ఇంటిమాటను తప్పని దిద్దడం మేమూ టీచర్ ట్రైనింగ్‌లోనే నేర్చుకున్నాం.)

శిక్షణలో పది రోజులు తండాలో, గూడెంలో ఉండమనండి. ముసలివాళ్లు చెప్పింది తెలుగు లిపిలో రాసి, కుట్టి, సాహిత్యం అరలోనే పెట్టమనండి. పంచాయతీ గదిలో ఒక బీరువా, సాయంత్రం రెండు గంటలు తాళం తీయడానికి చదువుకున్న మా పిల్ల ఒకతె, ఆమెకు జీతం. ఆ 8 పైసల్లోంచే అడుగుతున్నాం.