ఆరని అచ్చు

దసరా సెలవులకు వచ్చిన మా మేనకోడలు ఈ వారమంతా మా నల్లగొండ ఇంటి వరండాను వదల్లేదు. హైదరాబాదులో బొమ్మల కాలేజీలో ప్రింట్‌మేకింగ్ చదువుతోంది. లినోలియం ముక్కలో, జింకు రేకో తెస్తుందనుకుంటే సంచిలోంచి సైకిల్ ట్యూబు, గోనెపట్టా, చిరిగిన చేట, నీళ్ల మోటారు వాషర్లు బయటపడ్డాయి. వాటిని అట్ట మీద ఫెవికాల్‌తో అంటించి, పైన వార్నిష్ పూసి, ఆరాక సిరా పట్టించి, తడి కాగితం పరిచి గంటె వెనుక భాగంతో రుద్దుతుంది. కొలాగ్రాఫ్ అంటారు దీన్ని.

నాకు నచ్చలేదు. ముందు పనిముట్టు చేతికి లొంగాలి, ప్రయోగాలు ఆ తర్వాతే అని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. ‘వ్యర్థంతో కళ’ అంటూ బడిపిల్లల చేత ప్లాస్టిక్ సీసాలకు రంగులు పూయించే పోటీలంటే నాకు మొదటినుంచీ గిట్టదు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మా గౌడ్ 1963లో బరోడా వెళ్లి ఎచింగ్‌లో పట్టు చిక్కించుకున్నారు. ఆయన గీసిన మేకలనూ ఊరి మనుషులనూ చూసినప్పుడల్లా ఆ సన్నటి గీత వెనుక ఎంత సాధన ఉందోననిపిస్తుంది. ఆ మాటే పిల్లకు చెప్పబోయాను.

అంతలో ఆమె ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

“మామా, నాలుగు రోజులాయె. ఎండుతలేదు.”

“ఏం కలిపినవ్ బిడ్డా?”

“సిరా గట్టిగున్నదని అమ్మమ్మ సీసాలకెళ్లి జరంత ఆముదం పోసిన.”

చేట అల్లిక అచ్చు అది. బద్ద మీద బద్ద ఎక్కిన తీరు, ఎలుక కొరికిన అంచు, అన్నీ పడ్డాయి. కానీ ప్రతి నల్లగీత చుట్టూ నూనె పాకి పసుప్పచ్చటి వలయం కట్టింది. వెలుతురుకు పెడితే కాగితం అక్కడ అద్దంలా మెరిసింది. వేలు పెడితే నలుపు అంటుకుంది. అవిసె నూనెకు గాలి తగిలితే గట్టిపడి పొర కడుతుంది, అందుకే దాన్ని సిరాలో వాడతారు. ఆముదానికి ఆ గుణం లేదు. నాలుగు రోజులు కాదు, నాలుగు నెలలు ఆగినా అంతే.

ఆ వాసన మాత్రం నన్ను చిన్నప్పటికి లాక్కుపోయింది. మా నల్లగొండ, పాలమూరు చల్క నేలల్లో వాన మొహం చాటేసినా ఎంతో కొంత చేతికొచ్చే పంట ఆముదాలు. గెలలు కోసి కళ్లంలో ఎండబోసి కట్టెలతో కొట్టేవాళ్లం. గింజ బజారుకు పోతే, డొల్లలు పొయ్యిలోకి పోయేవి. ఆ డొల్లల బూడిదకు పుట్టపాకలో ఎంత విలువుందో పెద్దయ్యాక అక్కడి మగ్గాల మధ్య తిరిగినప్పుడుగానీ తెలియలేదు. 2016లో జిల్లా విడిపోయి పుట్టపాక యాదాద్రి భువనగిరిలోకి వెళ్లింది గానీ, మాకు అది నల్లగొండే. అక్కడ తేలియా రుమాలు నేసే ముందు నూలును నూనెలో, ఆముదపు డొల్లల బూడిద నీళ్లలో నానబెట్టి, పిసికి, ఎండేస్తారు. మళ్లీ ముంచుతారు, మళ్లీ ఎండేస్తారు. రోజుల తరబడి ఇదే పని. అప్పుడు గానీ ఎరుపు రంగు నూలును గట్టిగా పట్టుకోదు. బట్ట నేశాక కూడా నూనె వాసన వదలదు, అందుకే దానికి ‘తేలియా’, అంటే నూనెది, అన్న పేరే నిలిచింది. ఎరుపు, నలుపు, తెలుపు తప్ప వేరే రంగు అడగని బట్ట అది. ఈ పనికే గజం గోవర్ధన్ గారికి 2011లో పద్మశ్రీ వచ్చింది.

సైకిల్ ట్యూబు సంగతీ అప్పుడే గుర్తొచ్చింది. పోచంపల్లి చిటికి పనిలో నూలుకు రంగు ఎక్కకూడని చోట బిగించి కట్టేది ఏమిటి? ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీలే. వేల రూపాయల పట్టుచీర మీద తెల్లటి చుక్క నిలిచిందంటే అక్కడ పాత ట్యూబు ముక్క కాపలా కాసింది. ఆ పట్టీని వ్యర్థమని ఏ చిటికి కార్మికుడూ అనగా నేను వినలేదు.

నూనె మాటకొస్తే కృష్ణారెడ్డిని తలవకుండా ఉండలేను. చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో హేటర్ నడిపిన అటెలియర్ 17 ప్రింట్‌మేకింగ్ స్టూడియోలో పనిచేసి, 2018లో న్యూయార్క్‌లో కన్నుమూసిన మన తెలుగువాడు. సిరాల్లో ఒకదానికి నూనె ఎక్కువ, ఇంకొకదానికి తక్కువ కలిపితే పలచటి సిరా మీద చిక్కటిది అంటుకోదని ఆయనా సహచరులూ కనిపెట్టారు. ఒకే రేకును ఎత్తుపల్లాలుగా చెక్కి, మెత్తటి రోలరు లోతుకూ, గట్టి రోలరు పైకీ రంగు అందించేలా చేసి, ఒక్క ఒత్తుడులో అన్ని రంగులూ కాగితం మీదికి తెచ్చారు. నూనె ఎక్కడ అడ్డుపడుతుందో చూసి, ఆ అడ్డునే పద్ధతిగా మార్చారు.

ఇన్నాళ్లూ పనిముట్టు ముందని రాశాను. ఇప్పుడా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ముందు తెలియాల్సింది సరుకు. అది ఎండుతుందా, పీలుస్తుందా, జారుతుందా అన్నది పాడుచేసుకుంటేనే తెలుస్తుంది. అందుకే ఆ కాగితాన్ని పారేయొద్దన్నాను. ఎంత సిరాకు ఎన్ని చుక్కల ఆముదం పోసిందో, ఎన్నో రోజున వలయం ఎంత పాకిందో వెనుక పెన్సిలుతో రాయించాను. ఆ వలయాన్నే బొమ్మలో భాగం చేస్తానని మళ్లీ మొదలుపెట్టింది. నేను కాదనలేదు.

ఒక్క బాధ మాత్రం ఉంది. గంటెతో రుద్దీ రుద్దీ పిల్ల మణికట్టు వాచింది. ఊళ్లలో శుభలేఖలు అచ్చేసిన ట్రెడిల్ మిషన్లు కిలోల లెక్కన తుక్కుకు పోతున్నాయి. కొలాగ్రాఫ్‌కు, ఎచింగ్‌కు అవి పనికిరావు గానీ, సీసపు అక్షరాల ఎత్తుకు సరిచేసిన చెక్క అచ్చును, లినో అచ్చును ఇప్పటికీ చక్కగా వేస్తాయి. దేవరకొండలోనో, కల్వకుర్తిలోనో మీకు తెలిసిన పాత ప్రెస్సులో అలాంటిది మూలన పడి ఉంటే, అమ్మే ముందు మీ ఊరి డ్రాయింగ్ టీచరుకు ఒక్క ఫోను చేయండి.